నీళ్ళు దిగాయన్నాను

రైలు గేటు పడింది. ఇక అది ఎప్పుడు లేస్తుందో ఆ గేటుమనిషికీ దేవుడికీ తెలియాలి. డ్రైవరు ఇంజను ఆపేసి బీడీ ముట్టించుకున్నాడు, ఆపగానే ఆ వచ్చే కాస్త గాలీ పోయింది, మే నెలాఖరు ఎండ బస్సు రేకులోంచి దిగి సరిగ్గా నా నెత్తి మీదే కూర్చుంది. నా ముందు సీటులో చేపలమ్మే ఆడవాళ్ళు ఖాళీ బేసిన్లు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్నారు, వాళ్ళకి నిద్రెలా పడుతుందో. దిగిపో హరిబాబూ, ఇక్కణ్ణుంచి నీ కొట్టుకి పది నిమిషాల నడక, చల్లగా ఫ్యాను కింద కూర్చోవచ్చు, అంటున్నాడు నా లోపలివాడు. పొద్దున్నించీ అదే మాట. కాంప్లెక్సులో బస్సెక్కేటప్పుడూ అన్నాడు, టికెట్టు తీసుకునేటప్పుడూ అన్నాడు. ఒళ్ళో రుమాల్లో చుట్టి పెట్టుకున్న వస్తువు మీద నా చెయ్యి చెమటపట్టి జారుతోంది. అది లోవరాజుది. జీపీఎస్ అంటారు, సెల్‌ఫోను కన్నా కాస్త లావు, సముద్రంలో పడవ ఎక్కడుందో, ఎటు పోవాలో చెబుతుంది. లోవరాజు సముద్రం ఒడ్డున పేటలో చేపల వేట చేసుకునే మనిషి. నేను తునిలో మెయిన్‌రోడ్డు వెనక సందులో టీవీలూ, డిష్ రిసీవర్లూ, ఈ మధ్య సెల్‌ఫోన్లూ బాగుచేస్తాను. ఇరవై రెండేళ్ళ నుంచి చేస్తున్నాను. నా చేతిలో పడి పాడైన వస్తువు లేదని చెప్పుకుని తిరిగేవాణ్ణి, పదిహేను రోజుల కిందటి దాకా.

పాడవడం అంటే ఏమిటి అసలు. ఇదిగో, మీట నొక్కితే వెలుగుతుంది. ఇప్పుడే నొక్కి చూశాను, బాణం గుర్తు నిక్షేపంగా వచ్చింది, మనం గేటు దగ్గర ఆగి ఉన్నామని దానికి కూడా తెలుసు. తెచ్చినప్పుడు దీని మొహం చూడాల్సింది. అద్దం లోపల ఆవిరి, మీటలు నొక్కితే లోపలికి పోయి పైకి రావు, బ్యాటరీలు పెట్టే చోట పచ్చగా చిలుము. ఒడ్డుకొచ్చేటప్పుడు కెరటం ఎత్తేస్తే లోవరాజు బావమరిది ఉదయ్‌కుమార్ చేతిలోంచి జారి పడవ అడుగున ఊరిన నీళ్ళల్లో పడిందట. వెంటనే తీశాడట, తుడిచాడట, రెండ్రోజులు పనిచేసి మొరాయించిందట. ఇద్దరూ కలిసే తెచ్చారు. ఆ కుర్రాడు, కుర్రాడేమిటి ముప్పై ఏళ్ళుంటాయి, గుమ్మంలోనే నిలబడ్డాడు తప్పు చేసినవాడిలా, లోవరాజు మాత్రం బల్ల మీద పెట్టి, "మీ చేతిలో పెడుతున్నానండి హరిబాబుగారూ, వేట నిషేధం ఎత్తేలోపల చూడండి" అన్నాడు. రసీదు లేదు, బిల్లు లేదు. చీటీ మీద పేరు రాసి రబ్బరుబ్యాండు వేశాను, నా దగ్గర ఎప్పుడూ అంతే, ఎమ్మార్వో ఆఫీసు టీవీ అయినా అంతే.

మూడు రోజులు కూర్చున్నాను దాని ముందు. అది మాత్రం ఎవడూ కాదనలేడు. విప్పి, స్పిరిటుతో కడిగి, పాత పళ్ళ బ్రష్షుతో ఉప్పంతా గీకి, తెగిన తీగ సన్న మొన సోల్డరింగుతో అతికించి, ఫిలిప్స్ బల్బు కింద ఆరబెట్టి బిగిస్తే, తడబడకుండా వెలిగింది. మీటలన్నీ పలికాయి. లోపల ఒక జాబితా ఉంది, చిన్న చిన్న జెండా బొమ్మలు, పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు, సత్తి వన్, సత్తి టూ, గెడ్డ, రెండు తాళ్ళు, అలా కిందికి పోతూనే ఉంది. నేను చూశాను. ఇదీ నా గుండెల్లో ముల్లు. ఈ రెండు కళ్ళతోనూ చూశాను, అన్నీ ఉన్నాయి. ఆ నిమిషంలో మూత బిగించి చీటీ అంటించి అరలో పెట్టేసి ఉంటే నేనీ బస్సులో ఉండను. కానీ నాకొక జబ్బు ఉంది. ఏ సెట్టయినా నా కొట్టులోంచి పోయేముందు చివర్లో ఒకసారి రీసెట్ చేసి పంపుతాను. ఎవరో నొక్కి పాడుచేసిన సెట్టింగులన్నీ పోయి, తలంటు పోసుకున్న పిల్లలా బయటికెళ్ళాలి వస్తువు. డిష్ రిసీవర్లు ఎన్ని వందలు చేశానో. అందులోనూ ఇలాగే అడుగుతుంది, ఉన్నదంతా చెరిపేయమంటావా అని, అవునంటాం, ఛానళ్ళన్నీ పోతాయి, గొడుగు ఆకాశంవైపే ఉంటుంది కదా, వెతకమంటే పదినిమిషాల్లో మళ్ళీ అన్నీ వచ్చి వరసగా కూర్చుంటాయి. ఇదీ ఆకాశంలోంచి తీసుకునేదే కదా. రెండు మీటలు కలిపి పట్టుకున్నాను. అడిగింది. అవునన్నాను.

డాబా ఎక్కి గంటసేపు నిలబడ్డాను దాన్ని అరచేతిలో పెట్టుకుని. ఉపగ్రహాలు వచ్చాయి, ఒకటి, మూడు, ఏడు. టైము వచ్చింది, సెకన్లతో సహా. నా డాబా ఎక్కడుందో వచ్చింది. జాబితా మాత్రం ఖాళీ. ఒక్కోసారి ఛానళ్ళకీ ఆలస్యమవుతుందిలే అనుకున్నాను, మేఘం అడ్డమేమో అనుకున్నాను, ఎక్కడా మేఘం లేదు. మర్నాడూ ఎక్కాను. మూడోనాడు కాకినాడలో నాకు పని నేర్పిన రాజరత్నం మాస్టారికి ఫోను చేస్తే ఆయన విని, విని, "ఒరే, నువ్వెక్కడున్నావో ఆకాశం చెబుతుందిగానీ, చేప ఎక్కడుందో దానికేం తెలుసురా. అవి వాళ్ళు నొక్కి దాచుకున్న గుర్తులు. ఎక్కడన్నా కాయితమ్మీద రాసి పెట్టుకున్నారేమో అడుగు" అన్నారు. సెల్‌ఫోను విప్పేముందు అందులోని నంబర్లన్నీ కాయితమ్మీద ఎక్కిస్తాను నేను, ఎవరూ అడక్కపోయినా ఎక్కిస్తాను, ఆ మాటకి తునిలో నాకు పేరుంది. దీనికి ఎందుకు ఎక్కించలేదు. ఆకాశం మీద నమ్మకం, ఇంకేముంది. అరే, వినాయకుడి పెళ్ళికి వెయ్యి విఘ్నాలంటారు, ఈ పెళ్ళికి ఒక్కటే విఘ్నం, అది నేనే.

రైలు వచ్చింది. గూడ్సు. బొగ్గు బళ్ళు, ఒకదాని వెనక ఒకటి, లెక్కపెట్టబోయి మానేశాను. ఆ గుర్తులేమిటో నాకు ముందు తెలియదు, తర్వాత పేట మనుషుల నోట తెలిసింది, తెలియకపోతేనే బాగుండేది. లోవరాజు తండ్రి సత్తియ్య, ఆయన వేటకెళ్ళే రోజుల్లో ఈ పెట్టెలేవీ లేవు. నీళ్ళ అడుగున రాళ్ళుండే చోట్ల చేప మూగుతుంది, అక్కడే వల చిక్కుకుని చిరిగిపోతుంది కూడా. ఆ చోట్లు గుర్తు పెట్టుకోవడానికి వెనక్కి తిరిగి ఒడ్డు చూసేవారట, ఫలానా కొండ కొమ్ము ఫలానా తాళ్ళతోపు నెత్తి మీదికి వచ్చిందంటే కింద రాయి ఉన్నట్టు. ఈ పెట్టె కొన్నాక ఉదయ్‌కుమార్ ఆ ముసలాయన్ని పడవలో కూర్చోబెట్టుకుని రెండేళ్ళు తిరిగాడట. ఆయన కళ్ళకి చెయ్యడ్డం పెట్టుకుని చూసి, ఇదిగో ఇక్కడరా అనగానే అతను మీట నొక్కి పేరు ఎక్కించడం, టెన్త్ దాకా చదివింది అతనొక్కడే కదా. సత్తియ్య పోయిన ఏడాది పోయాడు. తాళ్ళతోపులు కొట్టేసి రొయ్యపిల్లల హేచరీలు కట్టేశారు. ముసలాయన బుర్రలో ఉన్నదంతా ఈ పెట్టెలోకి వచ్చింది, పెట్టెలోంచి నా బొటనవేలు కింద పోయింది. పోతే పోయాయి, మళ్ళీ వెతుక్కుంటారు, సముద్రమేమన్నా ఎక్కడికైనా పోతుందా, అన్నాడు లోపలివాడు. వాడి నోరు పడ.

గేటు లేచింది. బస్సు ఒక్కసారి ఎగిరి పట్టాలు దాటింది, బేసిన్లన్నీ గణగణమన్నాయి. దిగే అవకాశం పోయింది, పోనీ, తొండంగిలో దిగొచ్చు, అక్కణ్ణుంచి వెనక్కి బోలెడు ఆటోలు. ఆవేళ లోవరాజు ఫోను చేసింది సరిగ్గా మాస్టారితో మాట్లాడి పెట్టేసిన పావుగంటకి. నాకు ఊపిరి తీసుకునే టైము కూడా ఇవ్వలేదు. ఏమైందండి మన పెట్టె, అన్నాడు. పెట్టె బాగైందండి, అన్నాను. అక్కడితో ఆగాలి, లేకపోతే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. నా నోరు దానంతటదే, "కాకపోతే నీళ్ళు దిగాయి కదండీ, లోపలున్న గుర్తులు పోయాయి" అంది. "అన్నీనా అండి?" అన్నాడు. అన్నీ అన్నాను. "సరేనండి" అని పెట్టేశాడు. తిట్టినా బాగుండేది. నేనూ నాలుగు అనేవాణ్ణి, ఉప్పునీళ్ళల్లో ముంచి తెచ్చి నన్నంటారేమిటండీ అని ఎగిరిపడేవాణ్ణి, అదొక దారి, అక్కడికి గొడవ తీరిపోయేది. అది అబద్ధమా అంటే, నీళ్ళు దిగిన మాట నిజం. గుర్తులు పోయిన మాట నిజం. రెండు నిజాలు పక్కపక్కన పెట్టాను, మధ్యలో ఏముందో ఆయనే ఊహించుకున్నాడు. ఇలా వారం రోజులు నాకు నేను చెప్పుకున్నాను, అన్నం తింటూ చెప్పుకున్నాను, సోల్డరింగు చేస్తూ చెప్పుకుని చెయ్యి కాల్చుకున్నాను.

బోర్డు కూడా ఉంది కదా. కొట్టు గుమ్మం మీద, ఎర్రరంగుతో, రిపేరుకిచ్చిన వస్తువులకు మా పూచీ లేదు. నేనే రాయించాను, ఒక పెద్దమనిషి టీవీ పట్టుకొచ్చి ఇది అదివరకే చెడిపోయిందా నువ్వు చెడగొట్టావా అని సందంతా వినబడేలా అరిచిన మర్నాడు. ఆ బోర్డు కింద ఇన్నేళ్ళు కూర్చుని ఏనాడూ తల పైకెత్తి చదవలేదు. మొన్న చదివాను. పూచీ లేదు. ఎవరికి లేదు, దేనికి లేదు. టీవీ పేలితే లేదు, పిక్చర్‌ట్యూబు పగిలితే లేదు, బాగానే ఉంది. సత్తియ్య రెండేళ్ళు ఎండలో కూర్చుని చూపించినదానికి కూడా లేదన్నమాట. లోవరాజు కోర్టులకెళ్ళే రకం కాదు, కాయితం లేదు, సాక్షి లేడు, నన్ను పట్టుకునేవాడే లేడు. పట్టుకునేవాడు లేకపోతే దొంగకి హాయిగా ఉండాలి కదా, మరి నాకెందుకిలా ఉంది, సందు మొదట్లో ఎవరు నవ్వినా నన్ను చూసే అనిపిస్తోంది. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

మొన్న తలుపులమ్మ ఎండుచేపలు తెచ్చింది, పేట నుంచే వస్తుంది ఆవిడ, మా సందంతా ఆవిడ చేపలే. బేసిను దించుతూ తన ధోరణిలో తను, "ఏం చెప్పమంటారు బాబూ, లోవరాజు ఇంట్లో పెద్ద గొడవ. ఆ ఉదయ్‌బాబు పెట్టెని నీళ్ళల్లో పారేశాడని పడవలోంచి దింపేశారు. నలుగుర్లో నానా మాటలూ అన్నారు. మీరే చెప్పారంట కదా నీళ్ళ వల్ల పోయాయని. ఆ సత్యకుమారి ఇటు మొగుడ్నీ అనలేదు, అటు తమ్ముణ్ణీ అనలేదు, వారం రోజులయ్యింది నోట్లో మెతుకు పెట్టి" అంది. మీరే చెప్పారంట కదా. ఎంత మామూలుగా అంది. పాపం తూకం కూడా నాకు మొగ్గు చూపించి వేసింది. ఆ చేపలు నేను తినలేదు, వంట్లో బాగాలేదన్నాను ఇంట్లో. నాకు ఇంతదాకా తట్టలేదు, నా మీద నుంచి దులిపిన బరువు గాలిలో కలిసిపోయిందనుకున్నాను, అది వెళ్ళి ఇంకొకడి నెత్తి మీద పడుతుందని తట్టలేదు. ఆ గుమ్మంలో నిలబడ్డ మనిషి. పడవలోంచి దింపేయడమంటే చిన్న సంగతా, పేటలో ఇంకొకరు ఎక్కించుకుంటారా వాణ్ణి, చేతిలో వస్తువు నిలవదని పేరు పడ్డాక. ఎల్లుండి నిషేధం ఎత్తేస్తారు. పడవలన్నీ తోసుకుపోతాయి, అతనొక్కడూ ఒడ్డున నిలబడతాడు.

తొండంగి వచ్చింది. దిగలేదు. కాళ్ళు లేవలేదు అంటే నిజం కాదు, లేచాను, కండక్టరు ఏమండీ పేటకన్నారుగా అంటే మళ్ళీ కూర్చున్నాను. ఏం చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను, ఒకటి కాదు మూడు. ఒకటి, కంపెనీ లోపం అంటాను, ఈ మోడళ్ళలో ఇలా అవుతుందట, నీళ్ళ వల్ల కాదట, మాస్టారు చెప్పారంటాను. అప్పుడు ఉదయ్‌కుమార్ తప్పు లేదు, నా తప్పూ లేదు, ఎక్కడో విదేశాల్లో ఉన్నవాడిది తప్పు, వాడొచ్చి కాదంటాడా. ఎంత చక్కగా ఉంది. ఇంకోటి, బ్యాటరీలు తీసినప్పుడు పోయి ఉండొచ్చు అంటాను, తీసింది ఎవరో చెప్పను. మూడోది ఇప్పుడు గుర్తులేదు. నలభై ఆరేళ్ళ మనిషిని, పెళ్ళికెదిగిన పిల్లలున్నవాణ్ణి, బస్సులో కూర్చుని స్కూలు పిల్లాడిలా అబద్ధాలు అప్పచెప్పుకుంటున్నాను. సరుగుడు తోటలు మొదలయ్యాయి, గాలి మారింది, ఉప్పు వాసన. రుమాలు తొలగించి పెట్టె చూస్తే నేనొచ్చిన దారంతా చుక్కలు చుక్కలుగా పడి ఉంది, గేటు దగ్గర మాత్రం చుక్కలన్నీ ఒకేచోట ముద్దగా. ఇంత పెద్ద జ్ఞాపకం ఖాళీ అయితే అందులో మొదట పడింది నేను భయపడుతూ వచ్చిన దారి. చెరిపేద్దామని మీట మీదికి వేలు పోయి ఆగిపోయింది. ఇక దాంట్లో ఏదీ చెరపను, చచ్చినా చెరపను.

లోవరాజు ఇంటి ముందు పాక నీడలో వల పరుచుకుని చిరుగులు కుట్టుకుంటున్నాడు. నన్ను చూసి గబుక్కున లేచాడు. "మీరొచ్చారేంటండీ ఇంత ఎండలో, కబురు పెడితే నేనే వద్దును కదండీ" అంటూ తువ్వాలుతో కుర్చీ దులిపాడు. సత్యకుమారి మజ్జిగ తెచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది, "తీసుకోండి అన్నయ్యగారూ" అందిగానీ నా వైపు చూడలేదు. రుమాలు విప్పి పెట్టె అతని చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసుకుని, అద్దం మీద తన గరుకు బొటనవేలు రాసి, "కొత్తదాన్లా చేశారండి. లోపల సరుకు పోతే మీరేం చేస్తారు లెండి. అంతా మావోడి చేతకానితనం. మా అయ్య కష్టమండి, నీళ్ళపాలు చేశాడు" అన్నాడు. మజ్జిగ గ్లాసు నా చేతిలో ఉంది. సిగ్గేసింది. ఒంటి మీద బట్ట లేనట్టు సిగ్గేసింది. ఆ మూడు అబద్ధాల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"నీళ్ళ వల్ల కాదండి లోవరాజు గారూ," అన్నాను. "నీళ్ళు గుర్తుల్నేం చెయ్యలేదు. నేను బాగుచేశాక గుర్తులన్నీ ఉన్నాయి, చూశాను. ఆ తర్వాత నేనే రీసెట్ నొక్కాను. నా అలవాటు కొద్దీ నొక్కాను. మళ్ళీ ఆకాశంలోంచి వస్తాయనుకున్నాను. ఫోనులో మీకు అబద్ధం చెప్పాను."

లోవరాజు కుట్టుసూది వల మీద పెట్టాడు. పెట్టె మీట నొక్కి ఆ ఖాళీ జాబితా తెరిచి చూశాడు. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండుననే ఉంది నాకు. నష్టపరిహారం అడుగుతాడేమో, కొట్టులో ఏది కావాలంటే అది ఇచ్చేద్దును. "ఈ మాట ఆవేళే చెప్పాల్సిందండి," అన్నాడు చివరికి, గొంతు పెంచకుండా. అంతే. నేను ఉదయ్‌బాబు ఎక్కడున్నాడండి, అతనికి నేనే స్వయంగా చెబుతాను అన్నాను. అప్పుడు సత్యకుమారి మాట్లాడింది, మొగుడితో కాదు, నాతోనే. "లేడండి. నిన్న రైలెక్కి పారాదీపు పోయాడు. ఊరుకాని ఊళ్ళో ఎవరి బోట్ల మీదో కూలికి. పడవలో అడుగు పెడితే కాళ్ళిరగ్గొడతానన్నారు కదండీ ఈయన." అలా అంటూనే చూరులో దోపిన సెల్‌ఫోను తీసి, నంబరు నొక్కి, చెవిలో పెట్టుకోకుండా తిన్నగా నా చేతికిచ్చింది. "ఇప్పుడు చెప్పింది వాడికి చెప్పండి అన్నయ్యగారూ."

మోగుతోంది. మోగుతూనే ఉంది. ఎత్తకపోతే బాగుండు అని ఒకపక్క, ఎత్తకపోతే ఇంకోసారి ఇంత ధైర్యం నాకెక్కణ్ణుంచి వస్తుందని ఒకపక్క. ఎత్తాడు. అక్కా, అన్నాడు, వెనక ఏదో ఇంజను మోత. అక్క కాదు బాబూ, తుని హరిబాబుని, అన్నాను, అని లోవరాజుకి చెప్పిందంతా మళ్ళీ చెప్పాను, మొదటిసారి కన్నా కష్టమైంది. తప్పు నాది, నీది కాదు, అన్నాను. ఇంజను మోత అలాగే వినిపిస్తోంది.

"నాకు తెలుసండి," అన్నాడు ఉదయ్‌కుమార్. కోపమేమీ లేదు ఆ గొంతులో. "మీకిచ్చిన రోజు పొద్దున్న కూడా చూశానండి, మీట గట్టిగా నొక్కితే వచ్చింది. అన్నీ ఉన్నాయి. నీళ్ళ వల్ల పోలేదు బావా అని ఆవేళే చెప్పానండి. మెకానిక్కుగారు అబద్ధం చెబుతారేంట్రా, చదువుకున్నాయన, అన్నాడండి బావ."

లోవరాజు నా మొహంలోకే చూస్తున్నాడు. "ఏమంటన్నాడండీ?" అన్నాడు.

చెప్పకుండా ఉండొచ్చు. ఏం లేదండి, సరే అన్నాడు అని ఊరుకోవచ్చు, ఆ మనిషికి అంత నొప్పి తప్పేది. "మీకు అప్పుడే చెప్పాడటండి," అన్నాను. "మీరు నా మాట నమ్మారట."

లోవరాజు ఫోను కోసం చెయ్యి చాపాడు. ఇవ్వబోయాను. సత్యకుమారి మధ్యలో అందుకుని, అతనికివ్వకుండా చెవికి పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.